ఆరు పాత కంప్యూటర్ల ప్రచురణ కార్యాలయం: ముందు ఏ సాఫ్ట్‌వేర్, తర్వాత ఏ లినక్స్?

నమస్కారం. మీరు రాసిన వివరాలను ముందుగా క్లుప్తంగా తిరిగి చెబుతున్నాను. ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. చిక్కడపల్లిలో పుస్తకాల కంపోజింగు, ప్రచురణ చేసే చిన్న కార్యాలయం మీది. ఆరు కంప్యూటర్లు, అన్నీ ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లవి, 8 జీబీ ర్యామ్‌తో ఉన్నవి. వాటిలో ఉన్న విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్‌ను, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను కోరుతుంది కనుక మీ యంత్రాలకు ఆ దారి మూసుకుపోయింది. పదేళ్ల పుస్తకాలు పాత తెలుగు ఫాంట్లలో, పుట కట్టే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉన్నాయి. ఇప్పుడు విండోస్‌కు బదులుగా ఏ లినక్స్ వేసుకోవాలి, ఏ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను నమ్మాలి, నమ్మినది మధ్యలో ఆగిపోతే మా గతి ఏమిటి అన్నవి మీ మూడు ప్రశ్నలు.

హైదరాబాదులో ఇరవై ఏళ్లకు పైగా ప్రెస్సులకు, శిక్షణ కేంద్రాలకు, చిన్న ఆఫీసులకు కంప్యూటర్లు చూసుకుంటున్న అనుభవంతో చెబుతున్నాను. మీ ప్రశ్నల వరుసను నేను తిరగవేస్తాను. ఏ లినక్స్ అన్నది చివర తేల్చవలసిన విషయం. మీ ఆపరేటర్లు ఉదయం పది గంటల నుంచి సాయంత్రం ఆరు దాకా చూసేది ఆపరేటింగ్ సిస్టమ్‌ను కాదు; టైపు చేసే ప్రోగ్రామును, పుట కట్టే ప్రోగ్రామును, ప్రింటు మీటను. అవి కుదిరితే కింద ఏది ఉన్నా వారికి పట్టదు, అవి కుదరకపోతే కింద ఎంత గొప్పది పెట్టినా మూడో రోజుకు విండోస్ కావాలంటారు.

అందుచేత మొదటి నెల ఆపరేటింగ్ సిస్టమ్ జోలికి వెళ్లవద్దు. ఇప్పుడున్న విండోస్ మీదనే లిబ్రేఆఫీస్ (టైపింగు, ఆఫీసు పనికి), ఫైర్‌ఫాక్స్ (బ్రౌజరు), థండర్‌బర్డ్ (ఈమెయిలుకు), గింప్ (ఫొటోలకు), ఇంక్‌స్కేప్ (గీతల బొమ్మలకు), స్క్రైబస్ (పుట కట్టడానికి) వేసి, చేతిలో ఉన్న పనిని వాటిలో చేయించి చూడండి. ఇవన్నీ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఒకే విధంగా నడుస్తాయి. ఈ నెల రోజుల్లో వచ్చే ఫిర్యాదులు ప్రోగ్రాముకు సంబంధించినవి మాత్రమే అవుతాయి; తర్వాత కింది పొరను మార్చినప్పుడు వచ్చేవి ఆ పొరకు సంబంధించినవి మాత్రమే అవుతాయి. రెండూ ఒకేసారి మార్చిన చోట ఏ లోపం దేనిదో తేల్చలేక మొత్తాన్నీ వెనక్కి తిప్పిన కార్యాలయాలను నేను చూశాను.

ఇక నమ్మకం మాట. ఓపెన్ సోర్స్ అంటే ఉచితం అని మాత్రమే అనుకోవడం మన దగ్గర సాధారణం. డబ్బు తీసుకోని ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటి మూలం, అంటే రాసిన అసలు కోడు, ఎవరికీ కనిపించదు, ఆ కంపెనీ తలుపులు మూస్తే మన ఫైళ్లు లోపలే ఉండిపోతాయి. మూలం బయట ఉన్నప్పుడు, ఒకరు వదిలేసిన దాన్ని మరొకరు చట్టబద్ధంగా ఎత్తుకొని నడిపించవచ్చు. ఇది నిజంగా జరిగింది. సన్ మైక్రోసిస్టమ్స్‌ను ఒరాకిల్ 2010లో కొన్నది. ఆ ఏడాదే సెప్టెంబర్‌లో ఓపెన్‌ఆఫీస్ మీద పనిచేస్తున్న వారిలో చాలామంది విడిపోయి, డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సంస్థను పెట్టుకొని, అదే మూలాన్ని లిబ్రేఆఫీస్ పేరుతో ముందుకు నడిపారు. పాత పేరుతో ఉన్నది అపాచీ సంస్థ చేతికి వెళ్లింది. 2014లో వచ్చిన 4.1 తర్వాత దానికి చిన్న చిన్న సవరణలే వస్తున్నాయి. మన వాళ్లు ఇప్పటికీ పాత పేరే గుర్తుంచుకొని, దాన్నే వెతికి దించుకొని, తెలుగు సరిగా రావడం లేదని ఫిర్యాదు చేస్తుంటారు. మీరు దించుకోవలసినది లిబ్రేఆఫీస్.

డిస్కులను తాళం వేసి దాచే ట్రూక్రిప్ట్‌ను 2014 మే నెలలో దాని కర్తలు ఉన్నట్టుండి ఆపేశారు. దాని మూలం నుంచి అంతకు ముందే చీలి వచ్చిన వెరాక్రిప్ట్ ఉండబట్టి, వాడుకరులు పాత తాళాలతోనే అందులోకి మారగలిగారు. మధ్యలో ఆగిపోవడం ఓపెన్ సోర్స్‌లోనూ జరుగుతుంది. ఆగిపోయినప్పుడు మన వస్తువు మన చేతిలో ఉంటుందా లేదా అన్నదే తేడా.

ఒక ప్రోగ్రాము నమ్మదగినదా కాదా అని చూసేటప్పుడు నేను నక్షత్రాల రేటింగులను పట్టించుకోను. చివరి విడుదల ఎప్పుడు వచ్చిందో చూస్తాను. పనిచేసేది ఒక్కరేనా, పదిమందా, వెనుక ఏదైనా ఫౌండేషన్ ఉందా అని చూస్తాను. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ భాండాగారంలో ఉందా అని తప్పక చూస్తాను, ఎందుకంటే అందులో చేరాలంటే లైసెన్సును ఒకరు చదివి ఉండాలి, బయటివారు ఎవరైనా మూలం నుంచి దాన్ని తిరిగి తయారుచేయగలిగి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, అది ఫైలును ఏ రూపంలో దాస్తుందో చూస్తాను. లిబ్రేఆఫీస్ దాచే ఓడీఎఫ్ రూపం ఐఎస్ఓ 26300 అనే అంతర్జాతీయ ప్రమాణం. ఆ ఫైలును విప్పితే లోపల ఉండేది ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే మామూలు టెక్స్టు. రేపు లిబ్రేఆఫీస్ లేకపోయినా అక్షరాలను బయటికి తీయవచ్చు. మీ చేతిలో ఉన్న పేజ్‌మేకర్ ఫైళ్లతో పోల్చి చూడండి: దాని చివరి ప్రధాన విడుదల 7.0 వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ తెలియదు, ఇప్పుడు దాన్ని ఎవరూ అమ్మడం లేదు.

ఇక్కడ తెలుగు విషయం కొంత నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మీ కార్యాలయం మారడం, మారకపోవడం దీని మీదనే ఆధారపడి ఉంటుంది. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం తెలుగు అక్షరంగా దాగి ఉండదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా కూర్చి ఉంటాయి. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు. యూనికోడ్‌లో అయితే తెలుగుకు తనదైన చోటు ఉంది, అక్షరం పలికే వరుసలోనే నిలవ ఉంటుంది, దాన్ని గుణింతంగా, ఒత్తుగా కూర్చే పనిని లిబ్రేఆఫీస్‌లో హార్ఫ్‌బజ్ అనే భాగం చూసుకుంటుంది. 2017 ఫిబ్రవరిలో వచ్చిన లిబ్రేఆఫీస్ 5.3 నుంచి విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఇదే భాగం పనిచేస్తున్నది. కనుక అదే విడుదల, అదే ఫాంటు ఉంటే రెండు చోట్లా తెలుగు ఒకే రకంగా కూర్చబడుతుంది.

పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు దొరుకుతాయి, కాని మార్చిన దాన్ని ప్రూఫు చూడకుండా అచ్చుకు పంపితే పరువు పోతుంది. పాత ఫాంట్లలో ముక్కలు కంటికి కనిపించే వరుసలో ఉంటాయి. అక్షరానికి ఎడమ పక్క వేసే క్రావడి అక్షరం కంటే ముందే టైపై ఉంటుంది. మార్చేటప్పుడు అది పక్క అక్షరానికి అంటుకొని, ‘ప్రజ’ కాస్తా వేరే ఏదో అవుతుంది. నా సలహా ఏమిటంటే, పదేళ్ల పుస్తకాలన్నిటినీ ఇప్పుడే మార్చాలని కూర్చోవద్దు. మళ్లీ అచ్చుకు వెళ్లే పుస్తకాన్ని, వెళ్లే ముందు మార్చుకోండి. మిగిలిన వాటికి పాత యంత్రంలోనే మంచి నాణ్యతతో పీడీఎఫ్ తీసి పెట్టండి. లిబ్రేఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలదు. కాని పుట కట్టు ఉన్నది ఉన్నట్టు వస్తుందని ఆశించకండి, దాన్ని అక్షరాలను బయటికి లాగడానికి మాత్రమే వాడండి.

టైపింగు మీద మీ ఆపరేటర్లు ఎక్కువ భయపడతారు. పదిహేనేళ్లుగా యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్‌లో వేళ్లు పరుగెత్తిన మనిషిని ప్రభుత్వ ప్రామాణిక లేఅవుట్ అయిన ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమంటే, మీరు అతని జీతంలో కోత పెట్టినట్టే భావిస్తాడు. లినక్స్‌లో ఐబస్ అనే పరికరానికి ఎం17ఎన్ అనే జోడింపు వేస్తే తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు యాపిల్, పోతన, ఆర్‌టీఎస్ వంటి లేఅవుట్లు కూడా వస్తాయి. కొన్ని మీటలు అలవాటైన చోట ఉండకపోవచ్చు కనుక, మీ దగ్గర అందరికంటే వేగంగా కొట్టే ఆపరేటరును ఒక రోజంతా దానితో కూర్చోబెట్టి, తేడా వచ్చిన మీటలను కాగితం మీద రాయించండి. ఆ లేఅవుట్లు మామూలు టెక్స్టు ఫైళ్లే. ఒక పూట కూర్చుంటే ఆ మీటలను మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఇలా ఒకసారి నేను చేసి ఇచ్చినప్పుడు ఆ ఆపరేటరు, విండోస్ కంటే ఇదే నయమని అనలేదు గాని, నన్ను తిట్టడం మాత్రం మానేశాడు. ఫాంట్ల విషయంలో ఇబ్బంది లేదు. పోతన, వేమన, లోహిత్, నోటో ఫాంట్లు డెబియన్, ఉబుంటు భాండాగారాల్లోనే ఉన్నాయి. మండలి, రామరాజ, సూరన్న వంటివి గూగుల్ ఫాంట్స్ నుంచి స్వేచ్ఛా లైసెన్సుతోనే దించుకోవచ్చు.

లిబ్రేఆఫీస్‌లో ఒక చిన్న చిక్కు చాలామందిని ఏడిపిస్తుంది. అది తెలుగును కాంప్లెక్స్ లిపుల వర్గంలో పెట్టి, ఆ వర్గానికి ఫాంటును, సైజును వేరుగా గుర్తుంచుకుంటుంది. స్టైలులో ఇంగ్లీషు వైపు సైజును 14కు పెంచి, తెలుగు పెరగడం లేదేమని అడిగేవారు ఎందరో. భాషల సెట్టింగుల్లో కాంప్లెక్స్ లిపి వద్ద తెలుగును ఎంచుకొని, పేరా స్టైలులో ఆ వర్గపు ఫాంటును మార్చితే సమస్య తీరుతుంది. స్పెల్లింగు తనిఖీ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. సంధులు, విభక్తులు కలిసి మాట ఎన్నో రూపాలు తీసుకునే మన భాషకు పదాల జాబితా ఎంత పెద్దదైనా చాలదు, సగం పుట ఎర్ర గీతలతో నిండుతుంది. ప్రూఫ్ రీడరును మానిపించవద్దు.

కథలు, వ్యాసాలు, నవలల వంటి మామూలు వచన పుస్తకాలకు స్టైలులతో వాడిన లిబ్రేఆఫీస్ రైటర్ చాలును. కవర్లకు, నాలుగు రంగుల పనికి స్క్రైబస్ అవసరం. 2024 జనవరి 1న వచ్చిన 1.6 నుంచి భారతీయ లిపుల కూర్పు అందులో స్థిరమైన విడుదలకు చేరింది, కాబట్టి అంతకంటే పాతది వేయకండి. అది సీఎంవైకే, అంటే ముద్రణకు వాడే నాలుగు రంగుల, పీడీఎఫ్ ఇస్తుంది. మీ ప్లేట్లు తీసే వారికి ఒక నమూనా ముందే పంపి, సెపరేషన్లు సరిగా వస్తున్నాయో లేదో అడగండి.

ఇప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కు వస్తాను. ‘స్టేబుల్’ అనే మాటను మనం ఆగిపోనిది, హ్యాంగ్ కానిది అనే అర్థంలో వాడుతాము. డెబియన్ వారు వాడే అర్థం వేరు: విడుదలైన తర్వాత మారనిది. డెబియన్ 12 విడుదలైనది 2023 జూన్ 10న. అందులో ఉన్నది లిబ్రేఆఫీస్ 7.4, ఆ డెబియన్ ఉన్నంత కాలం అది 7.4గానే ఉంటుంది. భద్రతాలోపం ఏదైనా బయటపడితే ఆ ఒక్క సవరణను తెచ్చి పాత రూపానికే అతుకుతారు. కంప్యూటర్ పత్రికల దృష్టిలో ఇది వెనకబాటు. మీ వృత్తికి మాత్రం ఇది ప్రాణం. రెండో ప్రూఫులో ఉన్న 240 పుటల పుస్తకాన్ని ఊహించుకోండి: రాత్రికి రాత్రి రైటర్ కొత్త విడుదలకు మారి, వాక్యాన్ని విరిచే తీరులో వెంట్రుకవాసి తేడా వచ్చి, 37వ పుటలో ఒక వరుస కిందికి జారితే, అక్కడి నుంచి అధ్యాయాలు కదిలి, విషయసూచిక, పదసూచిక రెండూ తప్పుతాయి. ఫారాలు కట్టిన తర్వాత అది కనిపిస్తే నష్టం ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ పాఠాన్ని నేను నేర్చుకున్నది ఇతరుల ఖర్చుతో. చాలా ఏళ్ల క్రితం అమీర్‌పేటలో ఒక శిక్షణ కేంద్రానికి, కొత్తదనం మీది మోజుతో, ఎప్పటికప్పుడు మారుతూ ఉండే రోలింగ్ రకం లినక్స్ వేశాను. పద్నాలుగు యంత్రాలు, ఆరు నెలలు బ్రహ్మాండంగా నడిచాయి. ఒక శుక్రవారం సాయంత్రం నేనే అప్‌డేట్లన్నీ ఇచ్చి ఇంటికి వెళ్లాను. శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆన్‌లైన్ మాక్ టెస్టు. లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ ముందుకు వెళ్లింది, గ్రాఫిక్స్ డ్రైవరు వెనక ఉండిపోయింది. పద్నాలుగు తెరల మీదా నల్లదనం, ఎడమ మూల ఒక చిన్న గీత మినుకుమినుకుమంటున్నది. నేను ఒక్కొక్క యంత్రాన్నీ పాత కెర్నెల్‌తో లేపుతుంటే, పిల్లలు మెట్ల మీద హాల్‌టికెట్లు పట్టుకొని కూర్చున్నారు. తప్పు ఆ లినక్స్‌ది కాదు. రోజూ మారేదాన్ని, రోజూ ఎవరూ చూసుకోని చోట పెట్టిన నాది.

మారకపోవడం వల్ల వచ్చే మరో లాభం 2024 మార్చి 29న లోకానికంతటికీ కనిపించింది. లినక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న భాగంలోకి, ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తూ వచ్చిన ఒక మారుపేరు వ్యక్తి దొంగదారిని చొప్పించాడు. దూరం నుంచి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేమిటా అని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దాన్ని పట్టుకున్నారు. అది ఉన్న 5.6.0, 5.6.1 రూపాలు అప్పటికే డెబియన్ పరీక్షా శాఖల్లోకి, ఫెడోరా అనే మరో లినక్స్ ముందస్తు రూపాల్లోకి, కొన్ని రోలింగ్ లినక్స్‌లలోకి చేరాయి. డెబియన్ స్టేబుల్‌లోకి గాని, విడుదలై వాడుకలో ఉన్న ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) రూపాల్లోకి గాని చేరలేదు, ఎందుకంటే వాటి తలుపులు కొత్త రూపాలకు మూసి ఉన్నాయి. పాత రూపాల్లో లోపాలే ఉండవని దీని అర్థం కాదు. అందరికంటే ముందు రుచి చూసే పని మీ కార్యాలయానిది కాదని మాత్రమే నా ఉద్దేశం.

కనుక ఎంపికలో ముందుగా అడగవలసినది: దీనికి భద్రతా సవరణలు ఏ నెల దాకా వస్తాయి? ఫెడోరా ఒక్కొక్క విడుదలకు సుమారు 13 నెలలు. చక్కని పనితనం, కాని ఏటా ఆరు యంత్రాలను అప్‌గ్రేడ్ చేసే ఓపిక కావాలి. ఉబుంటులో ఆరు నెలలకొకసారి వచ్చే మధ్యంతర విడుదలలకు 9 నెలలే. రెండేళ్లకొకసారి ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్‌కు ఐదేళ్లు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 24.04 మీద కట్టిన లినక్స్ మింట్ 22 వరుసకు 2029 దాకా మద్దతు ఉంది. డెబియన్ 13 వచ్చినది 2025 ఆగస్టు 9న. మూడేళ్లు పూర్తి మద్దతు, ఆపై రెండేళ్లు దీర్ఘకాల బృందం చేతిలో. భారత ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద కట్టినదే. మన గచ్చిబౌలిలోని స్వేచ్ఛ సంస్థ తెలుగు డెస్క్‌టాప్ కోసం ఏళ్లుగా చేసిన కృషి మీద నాకు గౌరవం ఉంది. అయినా కార్యాలయంలో మెనూలను ఇంగ్లీషులోనే ఉంచమంటాను. ‘సేవ్’, ‘ప్రింట్’ అని నోటికి అలవాటైన ఆపరేటరు, తెర మీద ‘దస్త్రం’ కనిపిస్తే ఆగిపోయి మిమ్మల్ని పిలుస్తాడు.

ఇచ్చిన గడువును కూడా ఎవరు ఇచ్చారో చూసి నమ్మాలి. సర్వర్లలో ఎంతోమంది వాడిన సెంటాస్ 8 అనే లినక్స్‌కు 2029 దాకా మద్దతు ఉంటుందని అనుకున్నారు. 2020 డిసెంబర్‌లో ఆ గడువును 2021 చివరకు కుదించారు. అల్మాలినక్స్, రాకీ లినక్స్ ఆ ఖాళీలో పుట్టుకొచ్చాయి కనుక జనం వీధిన పడలేదు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్‌కు యజమాని కంపెనీ అంటూ ఎవరూ లేరు, నిర్ణయాలు సభ్యుల ఓట్లతో జరుగుతాయి. ఆలస్యాలు జరుగుతాయి, వాదోపవాదాలు జరుగుతాయి, కాని ఒక బోర్డు రూములో ఒక మధ్యాహ్నం గడువు మారిపోవడం అక్కడ కుదరదు.

ఇన్ని చెప్పి డెబియన్ వేయమంటానని అనుకుంటున్నారేమో. మీ డెస్క్‌టాప్‌లకు నేను లినక్స్ మింట్, సినమన్ రూపాన్ని సూచిస్తాను. నేను పక్కన ఉండే చోట డెబియన్ వేస్తాను, నేను లేని చోట మింట్ వేస్తాను. కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, వెనక్కి వెళ్లడానికి టైమ్‌షిఫ్ట్, అప్‌డేట్లను అర్థమయ్యేలా చూపించే ఒక కిటికీ, వీటి వల్ల విండోస్ అలవాటున్న వారికి మొదటి వారం సాఫీగా గడుస్తుంది. మీ ఫైళ్లన్నీ ఉండే ఆరో కంప్యూటరును ఫైల్ సర్వరుగా మార్చి దానిలో డెబియన్ 13 వేయండి; దాని ముందు ఎవరూ కూర్చోరు కనుక అందచందాలతో పనిలేదు. ఎప్పుడైనా ఒక్క ప్రోగ్రాముకు కొత్త రూపం తప్పనిసరైతే, దాన్ని ఒక్కదాన్నే ఫ్లాట్‌ప్యాక్‌గా, అంటే సిస్టముతో కలవని విడి ప్యాకేజీగా, వేసుకోండి, కింది పొర కదలదు. రైటర్‌ను మాత్రం అలా వేయకండి. కారణం ఇందాకటి 37వ పుటే.

వేసే ముందు ప్రతి యంత్రాన్నీ పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. హార్డ్‌డిస్క్‌ను తాకకుండానే మింట్ తెరుచుకుంటుంది. వైఫై, శబ్దం, స్లీప్ నుంచి లేవడం, స్కానరు, అన్నీ అప్పుడే తెలిసిపోతాయి. పాత విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉందేమో చూసి, రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. ప్రింటరు దగ్గర అసలు పరీక్ష ఉంటుంది. మన జిరాక్సు సెంటర్లలో కనిపించే చిన్న లేజరు ప్రింటర్లలో కొన్నింటికి సొంత తెలివి ఉండదు. పుటను బొమ్మగా మార్చే పనంతా కంప్యూటరులోని డ్రైవరే చేయాలి, ఆ డ్రైవరు లినక్స్‌కు లేకపోతే ప్రింటరు బొమ్మలా కూర్చుంటుంది. పోస్ట్‌స్క్రిప్ట్ గాని, పీసీఎల్ గాని అనే ప్రింటరు భాషలు అర్థమయ్యేవి, నెట్‌వర్క్ మీద డ్రైవరు లేకుండా ముద్రించే కొత్త రకాలు, ఏ ఇబ్బందీ పెట్టవు. మీ మోడల్ పేరుతో ముందే వెతికి, పెన్‌డ్రైవ్ నుంచి నడిపిన మింట్‌తోనే ఒక తెలుగు పుట ముద్రించి, అప్పుడు నిర్ణయించుకోండి.

మీ ఆరో తరం యంత్రాల్లో ఇప్పటికీ తిరిగే హార్డ్‌డిస్క్‌లు ఉంటే, ఏ లినక్స్ వేసినా నెమ్మదిగానే అనిపిస్తుంది. ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఒక్కొక్కదానికి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత డిస్కును పారేయకుండా, విండోస్‌తో సహా, యంత్రం పేరు రాసి బీరువాలో పెట్టండి. ఏదైనా తేడా వస్తే అరగంటలో పాత స్థితికి వెళ్లే దారి అది.

విండోస్‌ను పూర్తిగా తీసేయమని నేను అనడం లేదు. ట్యాలీ విండోస్ మీద నడిచేది. మీ అకౌంటెంటు వాడే డిజిటల్ సంతకపు టోకెనుకు, మాక్రోలున్న ఎక్సెల్ ఫారాలకు లినక్స్‌లో తిప్పలు తప్పవు. వీటి కోసం చెనాయ్‌లోనే, ఐటీ కంపెనీలు వదిలేసిన ఎనిమిదో తరం రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ ఒకటి కొని, విండోస్ 11తో ఉంచుకోండి. పేజ్‌మేకర్, పాత ఫాంట్లు ఉన్న యంత్రాన్ని విండోస్ 10తోనే ఉంచి, నెట్‌వర్క్ వైరును పీకేయండి. దాని నుంచి ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనే కదలాలి. అలా మింట్‌లోకి వెళ్లేవి నాలుగు, సర్వరు ఒకటి, పాతది ఒకటి.

ఒక హెచ్చరిక. టైమ్‌షిఫ్ట్ కాపాడేది సిస్టమును, మీ పుస్తకాలను కాదు. హోమ్ ఫోల్డరును అది మామూలుగా పట్టించుకోదు. ఫైళ్లకు బ్యాక్ ఇన్ టైమ్ గాని, డేజా డుప్ గాని వేరుగా పెట్టి, వారానికొకసారి బయటి డిస్కు మీదకు తీసి, ఆ డిస్కును కార్యాలయంలో కాక ఇంట్లో ఉంచండి. అప్‌గ్రేడ్‌లను మే నెల మధ్యాహ్నాల్లో, బ్యాటరీ చచ్చిన యూపీఎస్‌ను నమ్మి చేయకండి. కరెంటు పోయి సగంలో ఆగిన అప్‌గ్రేడ్‌ను ప్యాకేజీ వెంట ప్యాకేజీ సరిచేస్తూ నేను ఒక రాత్రంతా కూర్చున్నాను.

మార్చేటప్పుడు మొదట అందరికంటే తక్కువ తొందర ఉన్న ప్రూఫ్ రీడరు యంత్రం, రెండు వారాల తర్వాత మీది, ఆ తర్వాత ఆపరేటర్లవి ఒక్కొక్కటిగా. పుస్తకాల పండుగ దగ్గరపడుతున్న రోజుల్లో ఏదీ వద్దు. చివరికి ప్రతి క్యాబినెట్ మీద ఒక చీటీ అంటించి, ఏ మింట్ విడుదలో, దాని గడువు ఏ నెలతో తీరుతుందో పెద్ద అక్షరాల్లో రాయండి. అప్పటికి నేను అందుబాటులో ఉన్నా లేకపోయినా, ఆ యంత్రం ముందు ఎవరు కూర్చున్నా, మళ్లీ ఎంచుకోవలసిన సమయం ఎప్పుడో వారికి తెలుస్తుంది.